ఎంగిలి తాళంచెవి

పదకొండో వారం

"ఆ ఉత్తరం నేను రాయలేదు."

అక్క ఆ మాట అనడం అది నాలుగోసారి. కంచంలో కలిపిన అన్నం కలిపినట్టే ఎండిపోతోంది.

బావ తొందరపడలేదు. బొటనవేలిని నాలుక మీద తడి చేసుకున్నాడు. అదే వేలితో అక్క ఫోను తెరను పైకి తోశాడు. బడిలో హాజరు పిలిచినట్టు మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"‘కుటుంబ కారణాల వల్ల మీరిచ్చిన హెడ్‌నర్సు ఉద్యోగంలో చేరలేకపోతున్నాను. నా బదులు ఇంకొకరిని తీసుకోగలరు.’ కింద నీ పేరు. నీ మెయిలు. నీ పాస్‌వర్డు. గురువారం పన్నెండుంబావు. నువ్వు రాయకపోతే దెయ్యం రాసిందా?"

"దెయ్యానికి అంత బాగా రాయడం రాదులే నాయనా. దానికి చదువెక్కడిది?" అంది నానమ్మ.

ఎవరూ నవ్వలేదు. బావ ఒక్కడే నవ్వాడు. ఆ నవ్వులో పంటి సందున ఇరుక్కున్న మెతుకు కనిపించింది. నేను తల దించుకున్నాను.

"పోనీలెండి బాబూ," అంది అమ్మ. "ఎవరు రాస్తేనేం, జరిగింది మంచికే జరిగింది. ఆరు గంటల ప్రయాణంలో ఉన్న ఊళ్ళో ఉద్యోగమేమిటి, పెళ్ళయిన పిల్లకి?"

"మంచికా?" అక్క గొంతు పైకి లేవలేదు. అందుకే భయమేసింది. "అమ్మా, పొద్దున ఆ ఆసుపత్రి మేట్రన్ ఫోన్ చేసి ఏమందో విన్నావు కదా. ‘మంగళవారం వస్తానని రాశావు, గురువారం రానని రాశావు. ఇద్దరిలో నువ్వెవరివమ్మా?’ అని అడిగింది. నన్ను! ఎనిమిదేళ్ళు వార్డులో నిలబడి సంపాదించుకున్న పేరు అది."

"అయితే ఇప్పుడేం చేస్తావు?" అంది అమ్మ.

"ఇవాళ ఆవిడ మన పక్క టౌన్లోని వాళ్ళ ఆఫీసులోనే ఉంటుందట. సాయంత్రం అయిదులోపు సర్టిఫికెట్ల ఒరిజినల్స్ పట్టుకుని అక్కడికొచ్చి ఎదురుగా నిలబడమంది. లేకపోతే లిస్టులో తర్వాతి అమ్మాయిని పిలుస్తారు. రెండున్నర బస్సెక్కితే అయిదుకి ముందే చేరతాను."

గోడ గడియారంలో ఒంటిగంటా పది.

"వెళ్ళు," అన్నాడు బావ, మెతుకును నాలుకతో లాక్కుంటూ. "నేనేమైనా కాళ్ళు కట్టేశానా? ఒరిజినల్స్ ఉంటే వెళ్ళు. అవెక్కడున్నాయో నీకే తెలీదట కదా."

అక్క నా వైపు చూడలేదు. చూడకూడదని మేమిద్దరం అనుకున్నాం.

బల్ల మధ్యలో వెదురుబుట్ట ఉంది. అందులో అందరి ఫోన్లు. తినేటప్పుడు ఫోన్లు బుట్టలో వేయాలన్నది బావ పెట్టిన రూలు. కుటుంబం కలిసి మాట్లాడుకోవాలట. నెలలో మొదటి ఆదివారం అదే బుట్టను ఒళ్ళో పెట్టుకుని ఫోన్లన్నీ ‘శుభ్రం’ చేస్తాడు. మా ఇంటికి ఇల్లరికం వచ్చిన ఆయనకి ఇంటింటికీ ఇంటర్నెట్ లైన్లు లాగడం పని. వీధిలో ఆయన్ని సిగ్నలు అని పిలుస్తారు. మా ఇంట్లో ఏ ఫోను మొరాయించినా "సిగ్నలు అల్లుణ్ణి పిలవండి" అనడం నానమ్మకు అలవాటు. లారీ మీద తొమ్మిది రోజుల కింద వెళ్ళిన నాన్న కూడా దారిలో ఏదైనా ఆగిపోతే ముందు ఆయనకే ఫోన్ చేస్తాడు.

కంచాలు తీస్తూ అక్క ఫోను కూడా తీశాను. తెర మీద తడి మరక ఇంకా ఆరలేదు. పైటకొంగుతో పట్టుకుని తెచ్చి అక్కకిచ్చాను.

* * *

వెనక మెట్ల మీద అక్క కూర్చుంది. నేను నీళ్ళ పంపు దగ్గర చేతులు మూడోసారి సబ్బుతో కడుక్కుంటున్నాను.

"చర్మం ఊడొస్తుందే," అంది అక్క.

"పోయిన ఆదివారం నా మెడ మీద తడి తువ్వాలు వేశాడు కదా, గుర్తుందా?"

"ఊఁ. నీకు చిరాకని తెలిసీ."

"‘తడిగుడ్డ వేసినట్టుందా మరదలుపిల్లా’ అన్నాడు." ఆ మాట నా నోటితో చెప్పడానికే అసహ్యం వేసింది. "అక్కా, ఆ మాట నాది. బావ నవ్వితే మెడ మీద తడిగుడ్డ వేసినట్టుంటుందని ముందురోజు నా డైరీలో రాసుకున్నాను. ఫోన్‌లో."



నేను పదేళ్ళప్పటినుంచి నోటుబుక్కులో డైరీ రాసేదాన్ని. నోటుబుక్కుకి తాళం ఉండదు, ఫోనుకి ఉంటుంది, అందులో రాసుకో అని నేర్పింది బావే. ఆ రోజు ఆయన మీద ఎంత గౌరవం కలిగిందో! దాన్ని తలచుకుంటే ఇప్పుడు వాంతి వస్తోంది. వారం రోజులుగా నా మాటలన్నీ ఎవరో కొరికి మళ్ళీ కంచంలో పెట్టినట్టున్నాయి. ఎంగిలి అన్నం పారబోయొచ్చు. ఎంగిలి పడిన మాటల్ని ఎక్కడ పారబోస్తాం?

"తాళం వేసినదాన్ని ఎలా చదివాడే?" అంది అక్క.

దానికి జవాబు నా దగ్గరుంది. మా ఊరి బడిలో ఉన్నది ఒకే ఒక్క కంప్యూటరు. దుమ్ము పడుతుందని దానికి ఎప్పుడూ దుప్పటి కప్పి ఉంచేవారు. కంప్యూటర్ టీచరమ్మ మాత్రం, కంప్యూటర్ లేకపోయినా మాటలు నేర్చుకోవచ్చు కదా అని, నెట్‌వర్క్ భద్రత గురించిన సన్నపాటి పుస్తకం ఒకటి నాకిచ్చింది. బడి అయిపోయినా తిరిగి ఇవ్వలేదు. ఈ వారం మళ్ళీ మొదటినుంచి చదివాను.

"నువ్వు ఆసుపత్రికి ఉత్తరం రాశావనుకో," అన్నాను. "నువ్వు రాసిన మామూలు అక్షరాల్ని ఫోను ఎవరికీ అర్థం కాకుండా గిలక్కొట్టి పంపుతుంది. అదే ఎన్‌క్రిప్షన్. తిరిగి సరిచెయ్యాలంటే కీ కావాలి, అంటే తాళంచెవి. అది నీ ఫోను దగ్గరా అవతలి వాళ్ళ దగ్గరా తప్ప ఇంకెక్కడా ఉండకూడదు."

"మరి ఈయన చేతికెలా వచ్చింది?"

"మనమే ఇచ్చాం."

అక్క ముఖం చిట్లించింది.

"అవతల ఉన్నది నిజంగా ఆసుపత్రేనా అని ఫోను ముందు గుర్తింపు కార్డు అడుగుతుంది. దాన్ని సర్టిఫికెట్ అంటారు. ఎవరు సంతకం చేసిన కార్డుని నమ్మాలో ఫోనులో ఒక జాబితా ఉంటుంది. బావ ఆ జాబితాలో తన పేరు కూడా ఎక్కించాడు. గుర్తుందా, మొదటి ఆదివారం? ‘నమ్మవచ్చా అని అడుగుతుంది, అవును అని నొక్కండి’ అన్నాడు. వరసలో నిలబడి మరీ నొక్కాం."

"నేను అడిగాను కూడా, ఎందుకని. ఇంటి చుట్టూ కంచె లాంటిది, ఫైర్‌వాల్ అన్నాడు."

"ఫైర్‌వాల్ పని బయటివాళ్ళని ఆపడం. టీవీ వెనకున్న పచ్చలైటు డబ్బా చేసేది వేరే. నీ ఫోను ‘ఆసుపత్రేనా?’ అని పిలిస్తే, ఆ డబ్బా మధ్యలో నిలబడి ‘అవును, నేనే’ అంటుంది. నమ్మమని మనమే చెప్పాం కాబట్టి ఫోను నమ్ముతుంది. డబ్బా తన కీతో ఉత్తరం విప్పుతుంది, చదువుతుంది, మళ్ళీ గిలక్కొట్టి ఆసుపత్రికి పంపుతుంది. అటు వాళ్ళకీ తెలీదు, ఇటు మనకీ తెలీదు. నువ్వు కొట్టిన పాస్‌వర్డు కూడా దాని చేతుల్లోంచే పోతుంది. నా డైరీ కాపీ నెట్‌లో దాచేది కూడా దాని గుండానే. దీన్ని మధ్యవర్తి దాడి అంటారు."

"పెళ్ళప్పుడు ఒక మధ్యవర్తి చాల్లేదు కాబోలు," అంది అక్క. నవ్వడానికి ప్రయత్నించింది. కుదరలేదు.

"నానమ్మ ఫోనుకి మాత్రం నమ్మమని చెప్పడానికి నానమ్మ వేలు కావాలి. ఆ ఆదివారం ఆవిడేమో కూర్చునే కునుకు తీస్తోంది. ముసలి చెయ్యి కదా, ఎండిపోయిన వేలి ముద్రను ఫోను గుర్తుపట్టలేదు." చెప్పకూడదనుకున్నాను. చెప్పేశాను. "బావ తన వేలు నోట్లో పెట్టుకుని, ఆ తడితో నానమ్మ వేలిని రుద్దాడు. నేను చూశాను. పెద్దవాళ్ళకి సాయం చేస్తున్నాడనుకున్నాను."



"అయితే డాక్టరమ్మకి రాసినవి కూడా?" అంది అక్క.

అక్కకు పిల్లలు నిలవడం లేదు. ఆ సంగతి అమ్మతో కూడా చెప్పుకోలేక ఒక లేడీ డాక్టరుకి రాస్తుంటుంది. నాకు ఆ సంగతి తెలుసని అక్కకు తెలుసు.

"పోయిన నెల బల్ల దగ్గర ఏమన్నాడో తెలుసా?" అంది అక్క. "‘కొంతమందికి వార్డులో అందరి లెక్కలూ వచ్చు, సొంత ఒంట్లో ఇరవై ఎనిమిది రోజుల లెక్క మాత్రం రాదు’ అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వానే! ఏదో వేళాకోళమనుకుని నేనూ..."

చప్పున లేచి కాలువ మీదికి వంగింది. డోకు వచ్చింది కానీ ఉమ్మి తప్ప ఏమీ పడలేదు. నేను వీపు రాశాను. నా చేతులు సబ్బు వాసన వేస్తున్నాయి.

నోరు కడుక్కుని అడిగింది. "ఇదంతా సరే. రుజువేది? ఆయన నోటి ముందు మనం నిలబడగలమా?"

"పొద్దున నేనొక పని చేశాను."

ఒరిజినల్స్‌ని అక్క నిన్ననే నా చేతికిచ్చింది. ‘స్కాన్ చేసి భద్రంగా దాస్తాను ఇవ్వు’ అని బావ మూడు రోజులుగా వెంటపడుతున్నాడు మరి. "ఎక్కడ పెట్టావో నాకూ చెప్పకు, నా మొహం చూస్తే తెలిసిపోతుంది" అంది. నానమ్మ తలదిండు కుట్టు విప్పి, దూది మధ్యలో పెట్టి, తెల్లదారంతో కుట్టేశాను. నా కుట్టు జెర్రి పాకినట్టుంటుంది. ఒకవేళ నాకేమైనా అయితే ఒక్కరికైనా తెలిసుండాలి కదా అని పొద్దున కుట్టుమిషను దగ్గర అమ్మ చెవిలో మాత్రం చెప్పాను. నోటితో చెప్పిన మాట ఏ డబ్బా గుండా పోదు.

ఆ తర్వాత గదిలోకి వచ్చి, ఫోను డైరీలో ఇంకోటి రాశాను.

వంటింట్లోంచి ఇనుప మూత నేల మీద పడి గిరగిరా తిరిగిన చప్పుడైంది.

"రా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

* * *

బావ పిండి డబ్బా ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. మోచేతుల దాకా తెల్లగా ఉంది. మీసం మీద కూడా పిండి. తడి పెదవికి అంటుకున్నచోట ముద్దయింది.

"ఏం వెతుకుతున్నారు?" అంది అక్క.

"చెంచా."

"పిండిలోనా?"

"చెంచా కోసం పాతాళం దాకా మునగక్కర్లేదు నాయనా," అంది గుమ్మంలోంచి నానమ్మ. "గోడకి వేలాడుతోంది చూడు."

నేను పెద్దవాళ్ళ ముందు గట్టిగా మాట్లాడను. బడిలో కూడా జవాబు తెలిసినా చెయ్యెత్తేదాన్ని కాదు. ఫోను తీసి చూస్తూ చదివాను. చదవడమైతే కళ్ళెత్తక్కర్లేదు.

"‘అక్క ఒరిజినల్స్ పిండి డబ్బా అడుగున పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.’ ఇవాళ పొద్దున ఏడింటికి రాశాను బావా. ఇది అబద్ధం. ఈ అబద్ధాన్ని నోటితో ఎవరికీ చెప్పలేదు. ఈ డైరీలో తప్ప ఎక్కడా లేదు."



బావ లేచాడు. చేతులు దులుపుకున్నాడు. ఆ దుమ్ము మా ముఖాల మీద పడింది. నేను ఊపిరి బిగబట్టాను.

"మరదలుపిల్ల తెలివిమీరిందే," అన్నాడు. "అవును, చదివాను. నా ఇల్లు, నా లైను. ఇంట్లో ఏం జరుగుతోందో ఇంటి మగాడికి తెలియొద్దా?"

"నానమ్మ వేలు కూడా మీ లైనేనా?" అంది అక్క.

"ఏ వేలు?" అంది నానమ్మ.

అక్క చెప్పింది. మూడు ముక్కల్లో చెప్పింది. నానమ్మ తన బొటనవేలిని దూరంగా, వేరే ఎవరిదో అన్నట్టు పట్టుకుని చూసుకుంది. తర్వాత చీర కుచ్చిళ్ళకు రుద్దడం మొదలుపెట్టింది.

"కంచెరా నాయనా అన్నావు," అంది రుద్దుతూనే. "కంచే చేను మేస్తే ఇంక చెప్పుకునేదెవరితో?"

"అందరూ నా మీద పడతారేం?" బావ ముందుగది వైపు తిరిగి గొంతు పెంచాడు. "అత్తయ్యా! మీరే చెప్పండి. నేను సొంతంగా చేశానా ఇది?"

ముందుగదిలో అమ్మ బడి పిల్లల యూనిఫారాలు కుడుతోంది. కుట్టుమిషను ఆగింది.

ఇంత గొడవలోనూ మిషను అప్పటిదాకా నడుస్తూనే ఉందని, అది ఆగాకే తెలిసింది.

అమ్మ గుమ్మం దాకా వచ్చింది. మెడలో టేపు. పెదవుల మధ్య గుండుసూది. దాన్ని తీసి రవికకు గుచ్చుకుని అంది.

"ఒక కన్నేసి ఉంచమన్నాను."

"నా మీదా అమ్మా?"

"నీ మీద కాదే. నీ కాపురం మీద. నువ్వు రోజంతా ఎవరికో రాస్తుంటావు, ఏడుస్తుంటావు. అడిగితే చెప్పవు. కన్నతల్లికి భయం ఉండదా?"

"డాక్టరుకి రాస్తున్నానమ్మా! నీకు చెబితే నువ్వు కుట్టిన బట్టలతో పాటు వీధంతా పంచేస్తావని చెప్పలేదు!"

అమ్మ ముఖం ఎర్రబడింది. "నేను చూడమన్నానంతే. ఆ ఉత్తరం రాయమని నేను చెప్పలేదు."

"చెప్పలేదు," అన్నాడు బావ, మీసం మీది పిండి తుడుచుకుంటూ. "‘అది ఎక్కడికీ వెళ్ళకుండా ఉంటే బాగుండు బాబూ’ అన్నారు. బాగుండేలా చేశాను. రెండు వాక్యాలు రాస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతం."

అక్క ఆయన వైపు చూసింది. గాయం కట్టు విప్పి చీము చూసేటప్పుడు నర్సులు పెట్టే ముఖం అది. వాసన తగులుతున్నా కదలని ముఖం.

"నా పేరుతో రాశావు," అంది. పెళ్ళయ్యాక ఆయన్ని ఏకవచనంతో పిలవడం అదే మొదటిసారి. "నా పేరు నీ నోట్లో పెట్టుకుని ఉమ్మేశావు."

ముందుగదిలోకి వెళ్ళి టీవీ వెనక చెయ్యి పెట్టింది. తీగ పీకేసింది. పచ్చలైటు ఆరిపోయింది.

"అయ్యో, ఖరీదైన డబ్బా..." అంటూ అడుగు ముందుకేశాడు బావ.

"ముందు చేతులు కడుక్కో. ఆ చేతులతో ఇంట్లో ఇంకేదీ ముట్టుకోకు."

ఆశ్చర్యం, ఆయన ఆగిపోయాడు. తన చేతుల్ని తనే చూసుకున్నాడు.

అక్క చెప్పులు వేసుకుని నా వైపు తిరిగింది. "ఒరిజినల్స్ తే. ఒకటీ యాభై అయిదు. బస్‌స్టాపు పది నిమిషాలు. మేట్రన్ ముందు నా మొహం పెట్టుకుని నిలబడతాను. దీనికి పాస్‌వర్డు అక్కర్లేదు."

నాకు నిజంగా రెక్కలొచ్చినట్టయింది. అమ్మ చేసింది తప్పే. అయినా ఉత్తరం అమ్మ రాయించలేదు. ఆ సగమైనా మిగిలింది కదా అనుకుంటూ నానమ్మ గదిలోకి పరుగెత్తాను.

తలదిండు మంచం మీదే ఉంది. తిప్పి కుట్టు కోసం వెతికాను.

నా తెల్లదారం లేదు. జెర్రి కుట్లు లేవు.

దిండు చివర కుట్టు గీత గీసినట్టు తిన్నగా ఉంది. మిషను కుట్టు. గోధుమరంగు దారం.

గోళ్ళతో చింపాను. పళ్ళతో కొరికాను. దూది నోట్లోకి వచ్చింది, ఊశాను. చెయ్యి మోచేతి దాకా పెట్టి వెతికాను. దూది, దూది, దూది. కాసేపటి క్రితం పిండిలో చేతులు పెట్టి వెతికిన మనిషి లాగానే నేనూ మోకాళ్ళ మీద ఉన్నాను.

"ఏమైందే?" అక్క గుమ్మంలో ఉంది. "ఇక్కడ పెట్టావా? ఏవీ?"

ఆ పుస్తకంలో చివరి పేజీలో ఒక మాట ఉంది. ఎంత గట్టి తాళమైనా, కీ ఎవరి చేతిలో పెట్టామన్నదే అసలు సంగతని. అదంతా బావ గురించే అనుకుంటూ వారమంతా చదివాను.

"మాట్లాడవేం?" అక్క నా భుజం పట్టుకుని కుదిపింది. "నాక్కూడా చెప్పొద్దన్నాను కదా. ఇంకెవరికైనా చెప్పావా?"

తెరిచి ఉన్న తలుపులోంచి ముందుగది కనిపిస్తోంది. అమ్మ మళ్ళీ స్టూలు మీద కూర్చుంది. సూదిలో గోధుమరంగు దారం ఎక్కించడానికి, కొసను నోట్లో పెట్టుకుని తడి చేసింది.

నా వైపు చూడలేదు.

"ఎవరికి చెప్పావే?" అంది అక్క.

మిషను మళ్ళీ మొదలైంది.